చేతిలో ఉన్న ఫోనే చదివి వినిపిస్తుంది

భిలాయి ఉక్కు నగరంలో తెలుగు ఇళ్ళు ఇప్పుడు మూడో తరంలో ఉన్నాయి. 1955లో ఇక్కడి ఉక్కు ప్లాంటు కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ ఇక్కడికి మనవాళ్ళు వస్తూనే ఉన్నారు. మొదట వచ్చినవాళ్ళలో మిగిలినవారికి ఈ రోజు బాగా వయసు మీరింది. వాళ్ళ తర్వాత ప్లాంటులో చేరిన కొడుకులు కూడా రిటైరైపోతున్నారు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఈ రెండు తరాల పెద్దల గురించి. అందులోనూ, చూపు తగ్గిపోతున్నవాళ్ళ గురించి.

అలాంటి పెద్దాయన మీ వీధిలోనూ ఒకరుంటారు. ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళు రైల్ మిల్లులోనో కోక్ ఓవెన్లలోనో డ్యూటీ చేశారు. షుగరు ఉంది. కొన్నాళ్ళకి పేపరు మసకేసింది. ఇంకొన్నాళ్ళకి గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి ఎవరో పోల్చుకోలేకపోయారు. సెక్టార్ 9 ఆసుపత్రికి వెళ్ళారు, పరీక్షలు చేశారు, మందులు రాశారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. కూర్చునే ఉన్నారు. పింఛను ఎంత పడిందో కొడుకు చెప్పాలి. ఎవరు ఫోను చేశారో కోడలు చూసి చెప్పాలి. మందు బిళ్ళ ఏదో మనవరాలు తీసివ్వాలి. ఇంట్లోవాళ్ళు మంచివాళ్ళే, అన్నీ చేసిపెడతారు. కానీ ప్రతి చిన్నదానికీ ఇంకొకరిని పిలవాల్సి వచ్చినప్పుడు మనిషి మెల్లగా పిలవడం మానేస్తాడు. నాకు బాధ కలిగించేది అదే. ఎందుకంటే ఆయన జేబులో ఉన్న ఫోనుకు ఈ పనుల్లో చాలా భాగం వచ్చు. అది మాట్లాడగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, అంతే.

ముందు ఒక ముఖ్యమైన మాట. చూపు మసకబారిందని తోచగానే ఫోను సంగతి కాదు, కంటి డాక్టరు సంగతి చూడాలి. శుక్లాలైతే ఆపరేషనుతో చూపు తిరిగి వస్తుంది. నీటికాసులు అలా కాదు. చాలామందిలో నొప్పి లేకుండానే పక్కచూపును తినుకుంటూ వస్తుంది, పోయిన భాగం వెనక్కి రాదు. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నా అంతే, ఎంత త్వరగా కనిపెడితే అంత మిగులుతుంది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశాక మిగిలిన జీవితం ఉంటుంది చూడండి, నా ప్రసంగం దాని గురించి.

చూపు లేనివారంటే వెంటనే బ్రెయిలీ గుర్తొస్తుంది. పిల్లలకు అది తప్పనిసరి, ఆ విషయానికి తర్వాత వస్తాను. కానీ అరవై అయిదో ఏట చూపు పోయినవారికి, షుగరుతో వేళ్ళ కొసలు తిమ్మిరెక్కినవారికి ఆ చిన్న చుక్కలు తడిమి చదవడం చాలా కష్టం. చెవి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఈ వయసువారికి మొదట అందాల్సింది చెవి ద్వారా చదువు.

నున్నటి గాజు పలక చూపు లేనివారికి ఎలా పనికొస్తుంది? మీటలుండే పాత ఫోనైతే తడిమి నంబరు కొట్టవచ్చు. గాజు మీద తడమడానికి ఏముంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్త ఒకరున్నారు, టి.వి. రామన్. పద్నాలుగో ఏట నీటికాసుల వల్ల చూపు పోయింది. పుణెలో గణితం, బొంబాయి ఐఐటీలో కంప్యూటర్ చదివి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. గణిత సమీకరణాలను కంప్యూటరు చేత పైకి చదివించడమే ఆయన పరిశోధన. తర్వాత గూగుల్‌లో చేరి, చార్లెస్ చెన్ అనే సహచరుడితో కలిసి ఆండ్రాయిడ్ ఫోన్లను కళ్ళతో పనిలేకుండా వాడే మార్గాలు కనిపెట్టారు. నంబరు కొట్టడానికి ఆయన చేసిన ఉపాయం ఎంత సులువైనదో చూడండి. గాజు మీద వేలు ఎక్కడ ఆనితే అదే 5. అక్కడి నుంచి పైకి జరిపితే 2, కిందికి జరిపితే 8, ఎడమకు 4, కుడికి 6. అంకె ఎక్కడుందో వేలు వెతుక్కోనక్కర్లేదు, వేలు ఉన్నచోటికే అంకెలు వస్తాయి.

2009లోనే రెండు ముఖ్యమైన సంగతులు జరిగాయి. జూన్‌లో వచ్చిన ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్‌ఓవర్ అనే చదివే సాధనాన్ని కంపెనీయే పెట్టి ఇచ్చింది. అదే ఏడాది ఆండ్రాయిడ్‌లోకి టాక్‌బ్యాక్ వచ్చింది. అంతకుముందు కంప్యూటరు తెర చదివించుకోవాలంటే విడిగా ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాల్సి వచ్చేది. ఇప్పుడు బజారులో దొరికే మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా టాక్‌బ్యాక్ పెట్టే వస్తోంది. లేకపోతే ప్లేస్టోర్ నుంచి ఉచితంగా తెచ్చుకోవచ్చు. సుపేలా మార్కెట్లో కొన్న ఫోనైనా సరే.

ఇప్పుడు ఇది ఎలా పనిచేస్తుందో నిదానంగా చెబుతాను. పక్కన ఎవరైనా చూపున్నవాళ్ళుంటే ఫోను తీసుకోమనండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, దానిలో టాక్‌బ్యాక్. దాన్ని ఆన్ చేసే ముందే, ఆఫ్ చేయడం ఎలాగో తెలుసుకోవాలి. ఎందుకంటే టాక్‌బ్యాక్ మొదలవగానే ఫోను నడవడిక మారిపోతుంది. ఒక్కసారి తాకితే ఏదీ తెరుచుకోదు. తాకిన చోట ఏముందో పైకి చెబుతుంది, అంతే. తెరవాలంటే తెర మీద ఎక్కడైనా గబగబా రెండుసార్లు తట్టాలి. ఒక వేలు కుడికి జరిపితే తర్వాతి అంశం, ఎడమకు జరిపితే ముందటి అంశం. పేజీ కిందికి పోవాలంటే రెండు వేళ్ళతో జరపాలి. ఈ సంగతి తెలియక ఫోను పాడైపోయిందని బెంబేలెత్తి షాపుకు పరుగెత్తేవాళ్ళు చాలామంది. సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ పెట్టుకుంటే, శబ్దం పెంచే మీట, తగ్గించే మీట రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకోగానే టాక్‌బ్యాక్ ఆగుతుంది. మళ్ళీ అలాగే నొక్కితే మొదలవుతుంది. ఈ ఒక్కటీ చేతికి అలవాటైతే భయం సగం పోతుంది.

తర్వాత గొంతు. ఇది మన భిలాయివాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బ్యాంకు మెసేజీ ఇంగ్లీషు. మన ఫోన్లోకి మూడు లిపులూ వస్తాయి. ఒక భాష కోసం తయారైన గొంతు ఇంకో లిపిని సరిగా పలకలేక తడబడుతుంది, ఒక్కోసారి వదిలేస్తుంది. అందుకని తెలుగు, హిందీ గొంతులు రెండూ ముందే దించి పెట్టుకోవాలి. టాక్‌బ్యాక్ మెనూలోనే మాట్లాడే భాష మార్చుకునే వీలుంది. వేగం కూడా మన చేతిలోనే ఉంటుంది. అలవాటైనవాళ్ళు ఎంత వేగంగా వింటారంటే, పక్కనున్నవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. పెద్దవాళ్ళకు మాత్రం నిదానంగా పెట్టి ఇవ్వండి. ఇయర్‌ఫోన్ ఒకటి కొని ఇవ్వండి. తన బ్యాంకు నిల్వ తన చెవిలోనే వినపడటం చిన్న విషయం కాదు. టైపు చేయడం రాకపోయినా ఫరవాలేదు, కీబోర్డు మీద మైకు బొమ్మ ఉంటుంది. 2017 నుంచి గూగుల్ కీబోర్డు తెలుగులో చెప్పింది చెప్పినట్టు రాస్తోంది.

డబ్బు దగ్గరకు వద్దాం. నోటు గుర్తుపట్టడం చూపు లేనివారికి రోజూ ఉండే తంటా. పాత నోట్లను పొడుగును బట్టి వేళ్ళతో పోల్చుకునేవారు. 2016 నవంబరు తర్వాత వచ్చిన నోట్ల కొలతలు మారిపోయాయి. ఇప్పటి వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండు వందలది 146, అయిదు వందలది 150. వెడల్పు మూడింటికీ ఒకటే, 66. అంటే వందకీ రెండు వందలకీ తేడా నాలుగు మిల్లీమీటర్లు! అంచుల్లో ఉబ్బెత్తు గీతలున్నాయి, వందకు నాలుగు, అయిదు వందలకు అయిదు. కానీ నాలుగు చేతులు మారిన నోటు మీద ఆ గీతలు అణిగిపోతాయి. అందుకే రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న మణి అనే యాప్ విడుదల చేసింది. నోటును ఫోను కెమెరా ముందు పెడితే ఎంతో పైకి చెబుతుంది. విడుదలైనప్పుడే హిందీలో, ఇంగ్లీషులో పలికింది కనుక మన ఊరికి హిందీ చాలు. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అది విలువ మాత్రమే చెబుతుంది, నోటు దొంగదా మంచిదా అన్నది చెప్పదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మందుల విషయంలో మాత్రం నేను జాగ్రత్త చెబుతాను. ఫోటో తీస్తే అందులో ఏముందో వర్ణించి చెప్పే యాప్‌లు ఇప్పుడున్నాయి. మైక్రోసాఫ్ట్‌వారి సీయింగ్ ఏఐ 2017లో వచ్చింది. డెన్మార్క్‌లో మొదలైన బీ మై ఐస్ 2015 నుంచి ఉంది. దానిలో వీడియో కాల్ చేస్తే ఎక్కడో ఉన్న చూపున్న వాలంటీరు మన కెమెరాలోకి చూసి చెబుతారు. 2023 నుంచి కృత్రిమ మేధతో కూడా ఫోటోను వర్ణించి చెబుతోంది. ఉత్తరం ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, చొక్కా ఏ రంగు అన్నవాటికి ఇవి బాగా పనికొస్తాయి. కానీ యంత్రం తప్పు చదివినా అదే ధీమాతో చెబుతుంది. బీపీ బిళ్ళకూ షుగరు బిళ్ళకూ తేడా దాని మాట మీద వదలకండి. పొద్దుటి మందు స్ట్రిప్పుకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి మందుకు రెండు. అది ఎన్నటికీ తప్పు చెప్పదు.

ఇక పింఛను. ప్లాంటులో రిటైరై ఈపీఎస్-95 పింఛను తీసుకునేవారు ఏటా బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. జీవన్ ప్రమాణ్ పేరిట ఇది 2014లో డిజిటల్ అయింది. ఒకసారి ఇస్తే ఏడాది చెల్లుతుంది. వేలిముద్రతో ఇవ్వవచ్చు, కానీ వయసు మీద పడ్డాక, జీవితమంతా ఇనుముతో పనిచేశాక వేలి గీతలు అరిగిపోయి యంత్రానికి అందవు. 2021 నుంచి ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. వినడానికి సులువే. చూపు లేని మనిషి ఫోనును తన ముఖానికి ఎదురుగా, తెర మీది గీత మధ్యలో ముఖం సరిగ్గా పడేలా పట్టుకోవాలి, పైగా కళ్ళు ఆర్పమంటుంది. గీత కనపడనివారు మధ్యలో ఎలా పెడతారు? కొందరికి రెప్పలే ఆడవు, వారేం చేయాలి?

బ్యాంకులు ఖాతాదారుల గుర్తింపు తేల్చుకునే కేవైసీలోనూ కళ్ళు ఆర్పమంటారు, ఆ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. యాసిడ్ దాడికి గురైనవారు, చూపు లేని న్యాయవాది అమర్ జైన్ వేసిన పిటిషన్ల మీద 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. కేవైసీ ప్రక్రియ వికలాంగులకు అందుబాటులో ఉండేలా ఇరవై ఆదేశాలు ఇచ్చింది. మనిషి ఎదురుగా ఉన్నాడని తేల్చడానికి కళ్ళు ఆర్పడం ఒక్కటే మార్గం కాకూడదని అందులో ఉంది. ఈ తీర్పు సంగతి మన ఇళ్ళలో తెలియాలి. బ్యాంకు కౌంటరు దగ్గర ఎవరైనా యాప్‌లో కుదరలేదు కాబట్టి మీ పని కాదంటే, వేరే మార్గం చూపించాల్సిన బాధ్యత మీదేనని మర్యాదగా, గట్టిగా అడగవచ్చు. అది వేడుకోలు కాదు.

యాప్‌లు తయారుచేసే కుర్రవాళ్ళకూ ఒక మాట. మన ఊళ్ళో ఐఐటీ ఉంది, ప్రతి ఇంటి నుంచీ ఒక ఇంజనీరు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్నాడు. బాబూ, మీరు తెర మీద పెట్టే ప్రతి బొమ్మకూ, ప్రతి బటనుకూ లోపల ఒక పేరు రాయండి. పేరు రాయకపోతే టాక్‌బ్యాక్ ఏం చదువుతుందో తెలుసా? బటన్, బటన్, బటన్. డబ్బు పంపే బటన్ ఏదో, రద్దు చేసే బటన్ ఏదో మీ నాన్నగారికి ఎలా తెలుస్తుంది?

చూపు తగ్గినవారిలో, పూర్తిగా పోయినవారికంటే కొంత మిగిలినవారే చాలా ఎక్కువ. వారికి మాట కంటే ముందు పెద్ద అక్షరం కావాలి. ఇక్కడే ట్యాబ్లెట్ పనికొస్తుంది. పది అంగుళాల తెర మీద అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు, నలుపు మీద తెలుపుగానో పసుపుగానో తిప్పుకోవచ్చు. తెల్లటి వెలుగు కళ్ళకు గుచ్చుకునేవారికి ఆ తిప్పడంలోనే సుఖం ఉంది. కెమెరాను భూతద్దంలా వాడి కరెంటు బిల్లు చదవవచ్చు. బడి పిల్లలైతే నల్లబల్లను ఫోటో తీసుకుని తమ బల్ల దగ్గరే పెద్దది చేసి చూసుకోవచ్చు. పెద్ద అక్షరాల పుస్తకాల బరువు మోయాల్సిన పని తప్పుతుంది. ఉన్న కొద్ది చూపును ఎలా వాడుకోవాలో నేర్పే విభాగాలు కంటి ఆసుపత్రుల్లో ఉంటాయి. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థకు విశాఖలోనూ పెద్ద కేంద్రం ఉంది. దుర్గ్ నుంచి విశాఖకు 2024 సెప్టెంబరు నుంచి వందే భారత్ కూడా నడుస్తోంది. ఊరికి వెళ్ళినప్పుడు ఒక రోజు దానికి కేటాయించండి. రైల్లో కూర్చున్నాక వచ్చే స్టేషను రాయగడో విజయనగరమో ఎవరినీ అడగక్కర్లేదు. వేర్ ఈజ్ మై ట్రైన్ అనే యాప్ తెలుగులోనూ ఉంది, టాక్‌బ్యాక్ చదివి చెబుతుంది.

పిల్లల సంగతి చెబుతానన్నాను. చూపు లేని పిల్లలకు ఫోను వచ్చింది కదా, బ్రెయిలీ ఎందుకని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. దయచేసి అలా అనుకోకండి. చెవితో మాత్రమే నేర్చుకుంటే మాట తెలుస్తుంది కానీ ఆ మాటలో ఏ అక్షరం దీర్ఘమో, ఏది ఒత్తో వేలికి తెలియదు. ఫోనూ బ్రెయిలీ రెండూ కావాలి. 1951లో మన దేశ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ ఏర్పడింది. దానివల్ల హిందీ క అక్షరానికి, తెలుగు క అక్షరానికి చుక్కలు ఒక్కటే. భిలాయిలో హిందీ మాధ్యమంలో బ్రెయిలీ నేర్చుకున్న తెలుగు పిల్ల, ఇంట్లో తెలుగు మాట్లాడేదైతే, తెలుగు బ్రెయిలీ పుస్తకాన్ని తడిమి చదవగలదు. చూపున్న మన పిల్లల్లో ఎంతమంది అలా చదవగలరు? మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా చూపు లేదన్న కారణంతో ఇంటర్మీడియట్‌లో సైన్సు ఇవ్వకపోతే కోర్టుకెళ్ళి గెలిచాడు. పాఠాలను ఆడియోగా విని చదువుకున్నాడు. అమెరికాలోని ఎంఐటీకి వెళ్ళాడు, తిరిగి వచ్చి హైదరాబాదులో పరిశ్రమ పెట్టి వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు. పాఠం వినే అవకాశం దొరకడం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి.

పుస్తకాల విషయంలో మన తెలుగువారు చేయాల్సింది ఒకటుంది. చూపు లేనివారి కోసం పుస్తకాలను చదవదగిన రూపంలోకి మార్చడానికి మన కాపీరైట్ చట్టం 2012 సవరణతో అనుమతి ఇచ్చింది. ఇదే పని కోసం దేశాలు చేసుకున్న మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనది. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. కానీ తెలుగు పుస్తకాలు చాలావరకు ఇప్పటికీ పాత అను ఫాంట్లలో టైపవుతున్నాయి. ఆ పీడీఎఫ్ తెరిస్తే కంటికి చక్కటి తెలుగే కనిపిస్తుంది. చదివే యంత్రానికి లోపల ఉన్నది అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుట్ట. అచ్చువేసేవారు యంత్రం చదవగలిగే యూనికోడ్ ప్రతి ఒకటి దాచి ఇస్తే చాలు, ఆ పుస్తకం అదే రోజు వినపడుతుంది. తెలుగు వార్తా పత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌లోనే ఉన్నాయి కనుక వాటిని ఈ రోజే వినవచ్చు.

అలాగే వాట్సాప్. మనం పంపే శుభోదయాలు, పెళ్ళి పిలుపులు, సెక్టార్ 5 బాలాజీ మందిరంలో ఉత్సవం కబురు, ఎవరో పోయారన్న వార్త, అన్నీ బొమ్మలుగా పంపుతాం. టాక్‌బ్యాక్ చాలాసార్లు వాటిని ఫోటో అని చెప్పి ఊరుకుంటుంది. ఆ పెద్దాయనకు రోజుకు ఇరవై ఫోటోలు వస్తాయి, ఒక్క మాటా రాదు. బొమ్మ పంపండి, కింద రెండు వరసలు టైపు కూడా చేయండి. లేదా మీ గొంతుతోనే చెప్పి పంపండి.

ఇంట్లో నేర్పేవారికి చివరగా కొన్ని సూచనలు. ఫోను వారి చేతిలోంచి లాక్కోకండి, వేలు పట్టుకుని నేర్పండి. మొదటి వారం మూడే పనులు పెట్టుకోండి. టాక్‌బ్యాక్ ఆన్ చేయడం, ఆఫ్ చేయడం. టైము వినడం. వచ్చిన ఫోను ఎత్తి మాట్లాడి పెట్టేయడం. రెండో వారం తనంతట తాను ఒకరికి ఫోను చేయడం, ఒక మెసేజీ వినడం. మూడో వారం ఆకాశవాణివారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ తెరిచి విశాఖ కేంద్రమో హైదరాబాదు కేంద్రమో వెతికి పెట్టుకోవడం. డబ్బు లావాదేవీలు నెల దాటాకే. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకూడదని మాత్రం మొదటి రోజే చెప్పండి. చేయి తడబడితే కసురుకోవద్దు. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి వారు పని ఎలా నేర్పారో అడిగి తెలుసుకుని, అలాగే నేర్పండి.